పాత లిఫ్టు తొలగింపు – పనివారి రక్షణకు ముందుచూపు

ఉపోద్ఘాతము

కట్టుట కష్టము, కూల్చుట సులభము అని లోకులు అనుకొందురు. ఇది దూరము నుండి చూచువారి మాట. గునపము చేత పట్టినవారు అట్లు అనరు. ఒక వస్తువును నిలబెట్టునపుడు ఏది దేనిని మోయుచున్నదో ఎదుట కనిపించుచుండును. ముప్పది, నలుబది సంవత్సరములు గడచి దానిని విప్పబోవు వేళకు ఆ సంగతి తెలిసినవారు దగ్గర ఉండరు, కాగితములు దొరకవు, మరలు త్రుప్పు పట్టియుండును. పాత లిఫ్టును తొలగించు పనిలోని అపాయమునకు మూలము ఇదియే.

కొన్ని సంవత్సరముల క్రిందట నా విద్యార్థి యొకడు వేసవి సెలవులలో కూలి నిమిత్తము అటువంటి పనికి పోయినాడు. అది నాలుగంతస్తుల భవనము. లిఫ్టు పనిచేయుట మాని చాల కాలమైనది. మేస్త్రీ మొదట కరెంటు తీయించి, ఇక భయము లేదనుకొన్నాడు. క్యాబిను రెండవ అంతస్తులో ఆగియున్నది. దాని తలుపులను, లోపలి పలకలను, పైకప్పును ఊడదీసి బయటకు చేరవేసినారు. తరువాత క్యాబినును క్రిందికి దించవలెనని, పైన మెషిన్ రూములో నున్నవాడు బ్రేకును చేతితో సడలించినాడు. క్యాబిను క్రిందికి రాలేదు, పైకి లేచినది. ఒక కాలు వరండాలోను, ఒక కాలు క్యాబినులోను ఉంచి నిలబడిన ఆ పిల్లవాడు వెనుకకు విసరివేయబడి వరండాలో పడినాడు. ముంజేయి విరిగినది. వెనుకకు గాక ముందునకు పడియున్నచో ఏమయ్యెడిదో చెప్పనక్కరలేదు.

కళాశాల తెరచిన తరువాత అతడు చేతికి కట్టుతో వచ్చి నన్ను ఒకే ప్రశ్న అడిగినాడు: "ఉత్త డబ్బా కిందికి గదా పడాల సార్, పైకి ఎందుకు పాయ?"

ఈ వ్యాసము ఆ ప్రశ్నకు సమాధానము. గిలకకు ఇరువైపుల రెండు బరువులు కట్టిన లెక్కను మన విద్యార్థులందరు చేసినవారే. కాని ఆ గిలక భవనము పైన ఉన్న లిఫ్టులోనిదే అని మేము తరగతిలో చెప్పియుండలేదు. ఆ లోపము ఉపాధ్యాయులమైన మాది.

ఇది ఒకనికి సంబంధించిన విషయము కాదు. ధర్మవరము, పెనుకొండ, హిందూపురము మీదుగా బెంగుళూరు పోవు రైళ్ళలో మన ప్రాంతపు యువకులు భవన నిర్మాణపు పనులకు వెళ్ళుచున్నారు. అచ్చట పాత భవనములు పోయి క్రొత్తవి లేచుచున్నవి. పాత లిఫ్టులు విప్పు పని వారి చేతులలో పడుచున్నది. మన ఊళ్ళలో సైతము ఆసుపత్రులకు, లాడ్జీలకు, గిడ్డంగులకు లిఫ్టులు వచ్చినవి. అవియు ఒకనాడు పాతబడును.

లిఫ్టు ఎట్లు పనిచేయును?

బావి గిలకకు ఒకే చేద ఉన్నచో నీటి బరువంతయు మనమే లాగవలెను. త్రాటి రెండవ కొనకు మరియొక చేద కట్టినచో ఒకటి దిగుచుండగా మరియొకటి ఎక్కును; శ్రమ తగ్గును. ఏతమునకు వెనుక బరువు కట్టుటలోని సూక్ష్మము ఇదియే. లిఫ్టు కూడ ఇట్టిదే. ఉక్కు తాళ్ళకు ఒకవైపున మనుష్యులు నిలబడు క్యాబిను, రెండవ వైపున ఇనుప దిమ్మెలతోనో, సిమెంటు దిమ్మెలతోనో పేర్చిన ఎదురు బరువు వ్రేలాడుచుండును. దీనిని పనివారు కౌంటర్ వెయిట్ అందురు. పైన మెషిన్ రూములోని మోటారు గాడులు గల చక్రమును త్రిప్పగా, గాడులలోని ఒరిపిడి వలన తాళ్ళు కదలును. క్యాబినును, ఎదురు బరువును రెండు జతల గైడు రెయిళ్ళు ప్రక్కకు పోనీయక నడిపించును.

బ్రేకు సంగతి ముఖ్యముగా గమనింపవలెను. కరెంటు ఉన్నపుడు బ్రేకు తెరచుకొనును. కరెంటు పోయినపుడు స్ప్రింగుల బలముతో పట్టుకొనును. కనుక కరెంటు తీసివేసిన లిఫ్టును నిలిపి ఉంచునది ఆ బ్రేకు ఒక్కటే. పాత లిఫ్టులో దాని పట్టీలు అరిగియుండవచ్చును. నూనె కారి జారుడుగా ఉండవచ్చును. కరెంటు తీసినంత మాత్రమున బరువు పోదు. భూమ్యాకర్షణకు స్విచ్చి లేదు.

ఇక సేఫ్టీ గేర్ అను సాధనము. 1854లో న్యూయార్కు నగరపు క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో ఎలీషా ఓటిస్ ఒక వేదికపై నిలబడి ఎత్తునకు పోయి, దానిని మోయు త్రాటిని కోయించినాడు. వేదిక పడలేదు, అతడు అమర్చిన పట్టు దానిని ఆపినది. మనుష్యులు నిర్భయముగా లిఫ్టు ఎక్కుట ఆ సూత్రము వలననే సాధ్యమైనది. అయితే పాత లిఫ్టులలోని సేఫ్టీ గేర్ క్యాబిను క్రిందికి వేగముగా పడునపుడు మాత్రమే పట్టుకొనును. పైకి దూసుకొని పోవు క్యాబినును అది ఆపదు. ఎదురు బరువునకు సాధారణముగా అట్టి పట్టు ఉండనే ఉండదు. ప్రయాణీకులకు చాలిన రక్షణ, విప్పువానికి చాలదు.

ఒక చిన్న లెక్క

మన దేశపు ప్రమాణముల ప్రకారము ఒక ప్రయాణీకుని బరువు 68 కిలోలుగా గణింతురు. ఎనిమిది మందికి 544 కిలోలు. ఖాళీ క్యాబిను బరువు 800 కిలోలు అనుకొందము. ఎదురు బరువును క్యాబిను బరువునకు, పూర్తి భారములో సుమారు సగము కలిపి ఏర్పరతురు. అనగా 800 కిలోలకు 272 కలుపగా 1,072 కిలోలు.

ఇప్పుడు క్యాబిను ఖాళీగా ఉన్నది. ఒకవైపు 800, మరియొక వైపు 1,072. ఎదురు బరువు 272 కిలోలు ఎక్కువ. బ్రేకు సడలినచో ఎదురు బరువు దిగును. క్యాబిను పైకి లేచును. మన విద్యార్థి ప్రశ్నకు సమాధానము ఇదియే. ఖాళీ లిఫ్టు, తాళ్ళు తెగనంత వరకు, పడునది కాదు, లేచునది.

ఇంతటితో ముగియలేదు. తలుపులు, పలకలు, పైకప్పు కలిపి 300 కిలోలు ఊడదీసినారు అనుకొందము. క్యాబిను 500 కిలోలకు తగ్గినది. ఎదురు బరువు మాత్రము తగ్గలేదు. తేడా 272 నుండి 572 కిలోలకు పెరిగినది. ఒరిపిడిని, యంత్రపు చక్రముల జడత్వమును లెక్కింపనిచో, మొదటి స్థితిలో బ్రేకు వదలిన రెండు సెకనులలో క్యాబిను సుమారు 2.8 మీటర్లు లేచును. రెండవ స్థితిలో సుమారు 7 మీటర్లు లేచును. అసలు లిఫ్టులో ఒరిపిడి వలన ఇది తగ్గును గాని, దిశ మారదు. పనివాడు ఊడదీసిన ప్రతి పలకయు, తాను కంటితో చూడని మరియొక వైపున బరువును పెంచుచున్నట్లే. పని జరుగుచున్న కొలది క్షేమము పెరుగుచున్నదని అతడు తలచును; నిజమునకు అపాయము పెరుగుచున్నది.

ఒకవేళ తాళ్ళను ముందుగా కోసినచో? 12 మీటర్ల ఎత్తున ఉన్న ఎదురు బరువు అడుగునకు చేరుటకు సుమారు ఒకటిన్నర సెకను చాలును. అప్పటి దాని వేగము గంటకు 55 కిలోమీటర్లు. వెయ్యి కిలోల ఇనుము, రోడ్డుపై పోవు బస్సు వేగముతో, తల మీదికి వచ్చుననుట. "తొలగండి" అని కేకవేయుటకు వ్యవధి లేదు. అందువలన రక్షణ యంతయు కేకలో గాక, ముందటి దినము వ్రాసిన కాగితములో ఉండవలెను.

విప్పుట అనగా బిగించుటకు తలక్రిందు కాదు

హిందూపురమునకు సమీపమున లేపాక్షి వీరభద్రాలయములో వ్రేలాడు స్తంభమును చూడని విద్యార్థి మన ప్రాంతములో ఉండడు. దాని అడుగున పలుచని వస్త్రమును ఈవలి నుండి ఆవలికి తీయుదురు. ఆంగ్లేయుల కాలమున ఒక ఇంజనీరు దాని రహస్యము తెలిసికొనుటకై కదల్చబోగా, పైకప్పులోని ఇతర భాగములు కదలినవని పెద్దలు ఒక కథ చెప్పుదురు. కథ ఎట్లున్నను అందలి నీతి మాత్రము నిజము. కంటికి వ్యర్థముగా కనిపించునది ఏమి మోయుచున్నదో తెలియక దానిపై చేయి వేయరాదు.

ధర్మవరపు నేతగాడు ఈ సంగతి ఎరిగినవాడు. చీర ముగిసిన తరువాత మగ్గము నుండి కోయుటకు ముందు పడుగు బిగువును సడలించును. బిగువు మీద నున్న దానిని అతడు కోయడు. లిఫ్టును విప్పువాడు నేర్వవలసిన మొదటి పాఠము అదియే: మొదట బిగువు తీయుము, తరువాత కోయుము.

ప్రణాళికలో ఉండవలసిన అంశములు

1. పరిశీలన: పని ఒప్పుకొనుటకు ముందు అనుభవము గల లిఫ్టు ఇంజనీరు మెషిన్ రూము నుండి అడుగు గుంట వరకు చూడవలెను. క్యాబిను ఎచ్చట ఆగియున్నది, తాళ్ళు ఎన్ని, వాటిలో తీగలు తెగినవా, బ్రేకు, సేఫ్టీ గేర్ పట్టుచున్నవా, ఎదురు బరువులో దిమ్మెలు ఎన్ని, పైకప్పులోని దూలము ఎంత బరువు మోయగలదు అని వ్రాసికొనవలెను. గుంటలో నీరు, చెత్త, గ్రీజు ఉన్నచో ముందే తీయింపవలెను. పాత బ్రేకు పట్టీలలోను, మెషిన్ రూము పలకలలోను ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును. దాని దుమ్ము కంటికి కనిపించకుండ ఊపిరితిత్తులలో చేరి అనేక సంవత్సరముల తరువాత వ్యాధియై బయటపడును. అనుమానము ఉన్నచో పొడిగా విరుగగొట్టరాదు, గీకరాదు. పరీక్ష చేయించి, ఆ పని తెలిసినవారిచే తీయింపవలెను.

2. విద్యుత్తు: మెయిన్ స్విచ్చి తీసినంత చాలదు. దానికి తాళము వేసి, "మనుష్యులు పనిలో ఉన్నారు" అని చీటీ కట్టి, తాళపు చెవిని పనిచేయువాడే తన వద్ద ఉంచుకొనవలెను. దీపములకు, గంటకు వేరుగా మరియొక వైరు వచ్చుచుండుట కలదు. టెస్టరుతో ప్రతి తీగను చూడవలెను. పనికి కావలసిన వెలుతురును వేరొక చోటి నుండి తెచ్చుకొనవలెను.

3. తలుపులు: ఏ అంతస్తులో తలుపు ఊడదీసినను అచ్చట ఒక బావి నోరు తెరచుకొన్నట్లే. ప్రతి అంతస్తులోను నడుము ఎత్తున గట్టి కమ్మీలు, అడుగున పలక, ఎదుట హెచ్చరిక ఉండవలెను. త్రాడు కట్టి ఊరుకొనుట అడ్డు కాదు. భవనములో నివాసములు ఉన్నచో పిల్లలు తొంగిచూతురని మరువరాదు. తలుపులను అన్నిటికంటె చివర, అవసరము వచ్చినపుడే తీయవలెను.

4. బరువు దించుట: ఇది పనికి ప్రాణము. క్యాబినును పైయంతస్తునకు చేర్చినచో ఎదురు బరువు అడుగునకు వచ్చును. దాని క్రింద లెక్కకు తగిన ఉక్కు మోపులను పెట్టి, బరువంతయు వాటిపై కూర్చుండబెట్టవలెను. క్యాబినును పరీక్షించిన దూలమునకు చైన్ బ్లాకుతో వ్రేలాడదీసి, సేఫ్టీ గేర్‌ను పట్టింపవలెను. చైన్ బ్లాకు ఒక ఆధారము, సేఫ్టీ గేర్ రెండవది. ఒకటి విఫలమైనను రెండవది నిలుపును. తాళ్ళు ఇరువైపుల సడలినవని కంటితో చూచి, చేతితో తాకి నిశ్చయించుకొన్న తరువాతనే వాటిని ఒక్కొక్కటిగా విప్పవలెను. అటు పిమ్మట దిమ్మెలను క్రింది తలుపు గుండ ఒక్కొక్కటిగా తీయవలెను. క్యాబినును పైయంతస్తులోనే ముక్కలుగా విప్పి వరండాలోనికి చేర్చవలెను. ఏ ముక్కను షాఫ్టులో క్రిందికి విసరరాదు. గైడు రెయిళ్ళు, యంత్రము తరువాతి వంతు.

5. ఒకే మట్టము: షాఫ్టులో ఒకరి తలపై ఒకరు పనిచేయరాదు. పైన పని జరుగుచుండగా గుంటలో ఎవ్వరును ఉండరాదు. పైనుండి పడిన చిన్న పానా సైతము క్రిందివానికి ప్రాణాంతకము.

6. పడిపోకుండ: నడుముకు మాత్రము కట్టు పాత బెల్టు చాలదు, భుజములను, తొడలను పట్టు పూర్తి కవచము కావలెను. దాని త్రాటిని తాను విప్పుచున్న వస్తువునకు గాక, భవనములోని గట్టి ఆధారమునకు కట్టవలెను. ఊడదీయబోవు రెయిలుకు బెల్టు కట్టుకొన్నవాడు రెయిలుతో కూడ పడును.

7. నిప్పు: షాఫ్టు పొగగొట్టము వంటిది. అడుగున గ్రీజు పట్టిన గుడ్డపై గ్యాస్ కటింగ్ నిప్పురవ్వ పడినచో పొగ క్షణములో పైయంతస్తుల నిండును. మరలతో విప్పగలిగినంత వరకు కటింగ్ చేయరాదు. తప్పనిచో నీరు, ఇసుక, మంటలార్పు సిలిండరు, ఒక కావలివాడు ఉండవలెను. పని ముగిసిన తరువాత గూడ కొంతసేపు అతడు అచ్చటనే ఉండవలెను.

8. కాపాడుట: బెల్టుకు వ్రేలాడుచున్న వానిని ఎవరు, దేనితో, ఎన్ని నిమిషములలో దించగలరు అను ప్రశ్నకు పని మొదలిడకముందే సమాధానము వ్రాసియుండవలెను. ఆసుపత్రి ఎచ్చట ఉన్నది, వాహనము ఏది అనునవి గోడ మీద ఉండవలెను.

మాట వలన కలుగు ప్రమాదము

మన ఊళ్ళలో ఒకే పనిలో తెలుగువారు, ఉర్దూవారు కలిసి పనిచేయుదురు. బెంగుళూరు పోయినచో కన్నడము, హిందీ కూడ చేరును. ఒకడు "ఆపు" అనును; ఒకడు "ఠైరో" అనును; ఒకడు "నిల్లిసి" అనును. షాఫ్టులో ధ్వని ప్రతిధ్వనించి ఏ మాటయు స్పష్టముగా వినబడదు.

ఇంకొక చిక్కు మన మాటలోనే ఉన్నది. "వదులు" అను తెలుగు మాటకు సడలించుము అని ఒక అర్థము, విడిచిపెట్టుము అని మరియొక అర్థము. మేస్త్రీ మొదటి అర్థముతో చెప్పినదానిని కుర్రవాడు రెండవ అర్థముతో గ్రహించినచో చైను చేతి నుండి జారును. ఉర్దూలో "ఢీలా కరో" వేరు, "ఛోడో" వేరు. కనుక పని మొదలు పెట్టుటకు ముందు నాలుగే మాటలు నిర్ణయించుకొనవలెను: ఎత్తుట, దించుట, సడలించుట, ఆపుట. ఒక్కొక్క దానికి ఒకే మాట, ఒకే చేతి సంజ్ఞ. సంజ్ఞ చేయువాడు ఒక్కడే ఉండవలెను. అయితే "ఆపు" అను మాట మాత్రము ఎవడైనను అనవచ్చును. కూలికి ఆనాడే వచ్చిన కుర్రవాడు అన్నను పని ఆగవలెను. అన్నందుకు వానిని ఎవ్వరును మందలింపరాదు.

ప్రణాళికను కాగితముపై వ్రాసి ఇంజనీరు సంచిలో ఉంచుకొన్న ప్రయోజనము లేదు. ప్రతి ఉదయము పనివారి భాషలో చదివి వినిపించి, "నీవు ఏమి చేయుదువో చెప్పుము" అని వారిచే చెప్పింపవలెను. రెండు భాషలు ప్రక్కప్రక్కన చదువుకొను మన వంటి కళాశాల విద్యార్థులు ఈ పనికి మిక్కిలి తగినవారు.

చట్టము ఏమి చెప్పుచున్నది?

1948 నాటి ఫ్యాక్టరీల చట్టములోని 28వ విభాగము లిఫ్టులను ఆరు నెలలకు ఒకసారి సమర్థుడైన వ్యక్తి పరీక్షింపవలెనని విధించినది. 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టము కూల్చివేత పనిని కూడ నిర్మాణపు పనిగానే పరిగణించినది. అయితే అది పదిమంది లేక అంతకంటె ఎక్కువ మంది పనిచేయు సంస్థలకు వర్తించినది. ఈ రెండును మరి కొన్ని చట్టములతో కలిసి 2020 నాటి వృత్తి భద్రతా స్మృతిలో లీనమైనవి. అది 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. భవనముల కూల్చివేతలో రక్షణకై భారతీయ ప్రమాణము 4130 కలదు.

చట్టము ఉన్నను ప్రమాదములు ఆగలేదు. 2023 మార్చిలో ఇబ్రహీంపట్నములోని డాక్టరు నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రములో లిఫ్టు తెగిపడి కార్మికులు మరణించినారు. అదే సంవత్సరము సెప్టెంబరు 10న థాణే నగరములో నిర్మాణములో నున్న నలుబదియంతస్తుల భవనపు లిఫ్టు కూలి ఏడుగురు మరణించినారు. అవి పెద్ద పనులు కనుక పత్రికల కెక్కినవి. నలుగురైదుగురు కూలీలతో జరుగు చిన్న తొలగింపు పనికి తనిఖీ అధికారి వచ్చుట అరుదు. అచ్చట చట్టము యొక్క స్థానమును మేస్త్రీ చేతిలోని ప్రణాళికయే నింపవలెను.

ముగింపు

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు ఇంజనీర్లగుదురు, కొందరు గుత్తేదారులగుదురు, కొందరు సెలవులలో కూలికి పోవుదురు. కూలికి పోవుటలో అగౌరవము లేదు; తెలియక పోవుటలో అపాయము కలదు. పాత లిఫ్టు ఎదుట నిలబడినపుడు మూడు ప్రశ్నలు అడుగుడు: బరువు ఇప్పుడు దేనిపై ఉన్నది? నేను దీనిని తీసిన తరువాత దేనిపైకి పోవును? అది జారినచో నేను ఎచ్చట ఉందును? ఈ మూడింటికి సమాధానము చెప్పలేని మేస్త్రీ వద్ద ఆ దినపు కూలి వదలుకొని వచ్చుట మేలు.

చేయి విరిగిన ఆ విద్యార్థి పరీక్షకు వచ్చిన నాటికి ఎముక అతుకుకొన్నది గాని, వ్రేళ్ళకు పూర్వపు పట్టు రాలేదు. గిలక లెక్కకు అతడు వ్రాసిన సమాధానము తప్పు లేకుండ ఉన్నది. దాని ప్రక్కన పూర్తి మార్కులు వేయునపుడు నాకు సంతోషము కలుగలేదు. ఆ లెక్క అతనికి వేసవికి ముందే తెలిసియుండవలసినది.